గుట్టకింది బస్తీకి నేను చెప్పిన కోర్టు తీర్పు

ఒక బస్తీని సుద్దముక్కతో రెండు ముక్కలు చేసిన ఘనుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే బెంగపడకండి, ఆ ఘనుణ్ణి నేనే. మా వీధి మధ్యలో గీత గీసింది మున్సిపాలిటీ వాళ్లే, కాదనను. కానీ ఆ గీత చెరిపించుకునే అవకాశం కోర్టు నుంచి నడిచొచ్చి మా బస్తీలో వారం రోజులు కూర్చుంటే, దానికి మిఠాయి తినిపించి సాగనంపింది నేను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ముందు నవ్వొస్తుంది, తర్వాత అన్నం సహించదు.

అప్పట్లో నేను పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేవాణ్ణి. డిగ్రీలో ఒక్క సబ్జెక్టు మిగిలిపోయింది. అది ఇంగ్లీషేనని బస్తీలో ఎవరికీ చెప్పలేదు. పొద్దుటి షిఫ్టు దిగగానే యాదగిరి చాయ్ హోటల్‌కు వచ్చి, గోడకున్న నల్లబోర్డు మీద ఆ రోజు విశేషాలు నా సొంత మాటల్లో రాసేవాణ్ణి. పైన పెద్దక్షరాలతో 'సులువుగా తెలుసుకుందాం' అని శీర్షిక. చదువు వచ్చినవాళ్లు చాయ్ తాగుతూ చదివేవాళ్లు, రానివాళ్లకు నేనే చదివి వినిపించేవాణ్ణి. రేషన్ కార్డు కాగితం నుంచి కరెంటు ఆఫీసు నోటీసు దాకా అందరూ నా దగ్గరికే తెచ్చేవారు. ఆ దర్జా కలెక్టరుకు కూడా ఉండదనుకునేవాణ్ణి.

అంతలో మున్సిపల్ ఎన్నికలకు వార్డులు మళ్లీ విడగొట్టారు. కొత్త జాబితాలో మా వీధికి ఎడమ వరుస ఇళ్లు రోడ్డవతలి పెద్ద అపార్టుమెంట్ల వార్డులో పడ్డాయి, కుడి వరుస ఇళ్లు బజారు దుకాణాల వార్డులో పడ్డాయి. ఒక్కచోట ఉంటే మా ఓట్లతో మా మనిషిని గెలిపించుకోగలం. రెండు చోట్ల పడితే చారులో ఉప్పులా కరిగిపోతాం. మాకు కౌన్సిలర్ ఎందుకంటే నీళ్ల కోసం. మా బోరు నీళ్లు పసుపు రంగులో వస్తాయి, బిందెలో పోస్తే వాసన. మంచినీళ్ల పైపు మెయిన్ రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. అడిగే నాథుడు లేక ఏళ్ల తరబడి ట్యాంకరు వెనక పరుగులు తీస్తున్నాం.

ఈసారి బస్తీ అంతా కలిసి సత్తెమ్మక్కను నిలబెట్టాలనుకున్నాం. ఆమె ఒక కంపెనీ క్యాంటీన్‌లో వంటమనిషి. భర్త కిడ్నీలు పాడై చనిపోయాడు. ఆ బోరు నీళ్లే ప్రాణం తీశాయని ఆమె నమ్మకం. డాక్టరు మాత్రం అలా రాసివ్వలేదు. గీత సంగతి తెలియగానే నలుగురిని వెంటబెట్టుకుని బస్సెక్కి, ఒక వకీలును పట్టుకుని హైకోర్టులో కేసు వేసింది. అక్షరం ముక్క రాని మనిషి కోర్టుకెక్కింది. అక్షరాలు వచ్చిన నేను ఏం చేశానో ఇక చెబుతాను.

ఒక మధ్యాహ్నం ఆమె ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకుని హోటల్ దగ్గరికొచ్చింది.

"శ్రీశైలం తమ్మీ, ఆర్డర్ వచ్చిందంట. జెర సదువు. వకీలు సారు ఫోన్ల చెప్పిండు, అండ్ల రాసినట్టు జల్దీ చెయ్యుండ్రి అని."

తెలివైనవాడికి ఆ 'జల్దీ చెయ్యుండ్రి' అన్న మాటే చాలు. నేను తెలివైనవాణ్ణని మీకెవరు చెప్పారు?

ఇక్కడ మా కంపెనీ పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి సరుకుకూ ఒక బ్యాచ్ షీటు వస్తుంది. ఏం చేయాలో అంతా మొదటి పేజీలోనే ఉంటుంది. చివరి పేజీలన్నీ సంతకాలు. మేము మొదటి పేజీ కళ్లకద్దుకుని, చివరి పేజీలు కళ్లు మూసుకుని సంతకం చేసేవాళ్లం. ఏ కాగితమైనా అలాగే ఉంటుందని నా గట్టి నమ్మకం. కోర్టు ఆర్డరును కూడా బ్యాచ్ షీటులాగే పట్టుకున్నాను.

మొదటి రెండు పేజీలు తేనె పూసినట్టున్నాయి. ఒకే బస్తీని రెండు ముక్కలు చేయడం అన్యాయమట. జనం మాట వినకుండా గీత గీయడం చట్టానికి విరుద్ధమట. ఆ జాబితా కొట్టివేయదగినదట. ఇంగ్లీషులో తప్పినవాడికి కూడా అర్థమయ్యేంత స్పష్టంగా ఉంది.

"అక్కా! గెలిచినం!" అని అరిచాను.

"నిజంగనా?"

"జడ్జి సారు ఉతికి ఆరేసిండు వాళ్లను. గీత క్యాన్సిల్. బస్తీ అంత ఒక్కటే వార్డు."

సత్తెమ్మక్క బల్ల మీద కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను, చూస్తే నవ్వుతోంది.

యాదగిరి చాయ్ వడపోస్తూ అడిగాడు. "ఇంకా నాలుగు కాగితాలున్నయి కదరా. ఆఖరుకు ఏం రాసిండ్రో సూడు."

"ఆఖరుకు సంతకాలుంటయి యాదన్నా. నీకు తెల్వది, ఊకో."

"మరి ఏదో చెయ్యాలన్నడంట కద వకీలు?"

"చెయ్యనీకి ఏముంది? దావత్ చెయ్యాలె!"

బోర్డు తుడిచి, 'కోర్టు తీర్పు: సామాన్యుడి విజయం' అని రాశాను. కింద ఆరు వరుసల్లో సులువుగా వివరించాను. ఆ ఆరు వరుసల్లో ఒక్కటి కూడా నిజం కాదు, కానీ దస్తూరీ ముత్యాల్లా కుదిరింది. సాయంత్రానికి డప్పులొచ్చాయి. ఇంటింటికీ మిఠాయి పంచారు. నాకు దండ వేసి కుర్చీ మీద నిలబెడితే, రాజ్యాంగం గురించి అరగంట మాట్లాడాను. రాజ్యాంగం నేనెప్పుడూ చదవలేదు. ఆ తర్వాత నేను బోర్డు తుడవలేదు, రోజూ ఎవరో ఒకరు దాని ముందు నిలబడి ఫోటో తీసుకునేవారు. సత్తెమ్మక్క ఇల్లిల్లూ తిరిగి, పైపు ఏ గల్లీలో నుంచి రావాలో చేత్తో చూపించేది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను మునుపెన్నడూ చూడలేదు. అది నా గొప్పేనని మురిసిపోయాను.

ఎనిమిదో రోజు ఇంటి పన్ను కోసం బిల్ కలెక్టర్ వచ్చాడు. చాయ్ తాగుతూ బోర్డు చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఇదెవలు రాసిండ్రు?"

"నేనే సార్," అన్నాను వినయంగా, పొగడ్త వస్తుందని.

"మీకేమన్న పిచ్చా? వారం దినాలు ఆఫీసుల మీ బస్తీ కోసమని టేబుల్ ఏసుకుని కూసున్నం. ఒక్కరన్న రాలే. అపార్టుమెంటోళ్లు మాత్రం టైపు చేసిన కాగితాలు తెచ్చి, గీత గట్లనే ఉండాలని ఇచ్చిపోయిండ్రు."

"టేబులా? టేబులెందుకు?"

"ఆఖరి పేజీ సదవలేదా నువ్వు?"

సత్తెమ్మక్క ఇంటికెళ్లి కవరు తెచ్చింది. అందరి ముందూ ఆఖరి పేజీ తీశాను. జీవితంలో మొదటిసారి ఇంగ్లీషు నాకు పూర్తిగా అర్థమైంది. ఆలస్యంగా అర్థమవడమే దాని దోషం.

మీకు కూడా ఎప్పుడైనా పనికొస్తుంది, వినండి. కోర్టువారు ముందు మన మాట రాస్తారు, తర్వాత అవతలివారి మాట రాస్తారు, తమ మాట చిట్టచివర రాస్తారు. నేను తేనె పూసినట్టున్నాయన్న రెండు పేజీలూ మా వకీలు వాదన. 'పిటిషనర్ల తరఫు న్యాయవాది చెప్పేదేమంటే' అని పైన ఒక్క ముక్క ఉంది, దాని మీద నుంచి దూకేశాను. జడ్జిగారు చెప్పింది వేరు. వార్డుల గీతలు గీయడం అధికారుల పని, కోర్టు గీయదు. అయితే గీసేముందు జనం మాట వినాలి, ఇక్కడ సరిగా వినలేదు. కాబట్టి బస్తీవాళ్లు వారంలోగా ఎవరి అభ్యంతరం వాళ్లు రాసి మున్సిపల్ ఆఫీసులో ఇవ్వాలి. అధికారులు వాటిని పరిశీలించాకే తుది జాబితా వేయాలి. వారంలో ఏమీ రాకపోతే ఉన్న జాబితాయే ఖాయం. కోర్టు మాకు తలుపు తెరిచి పెట్టింది. నేను బస్తీ మొత్తాన్నీ ఆ తలుపు బయట డప్పు కొట్టుకుంటూ నిలబెట్టాను.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇప్పుడు వోయి ఇస్తే తీస్కోరా సారూ?" అని సత్తెమ్మక్క బిల్ కలెక్టర్‌ను అడిగింది.

"నిన్న సాయంత్రంతోని అయిపోయిందమ్మా."

అయినా పరుగెత్తాం. ఆఫీసులో టేబుల్ కూడా తీసేశారు. అధికారి మర్యాదగానే మాట్లాడాడు, తుది జాబితా పొద్దున్నే వెళ్లిపోయిందని చెప్పాడు. వకీలుకు ఫోన్ చేస్తే, కోర్టు ఇచ్చిన గడువు మనమే పోగొట్టుకుని మళ్లీ కోర్టుకు వెళితే ఏ ముఖంతో అడుగుతామన్నాడు.

ఎన్నికలొచ్చాయి. సత్తెమ్మక్క తన ఇల్లున్న ఎడమ వరుస వార్డులోనే నిలబడింది. ఎడమ వరుస ఇళ్లలో ఒక్క ఓటు కూడా తప్పిపోలేదని తర్వాత అందరూ చెప్పుకున్నారు. అది చాలదని కూడా అందరికీ తెలుసు. మా ఇల్లు కుడి వరుసలో ఉంది. నా చేతికొచ్చిన బ్యాలెట్ మీద నాకు తెలిసిన పేరు ఒక్కటీ లేదు. సత్తెమ్మక్క కోసం ఊరంతా తిరిగి ప్రచారం చేసిన నేను ఆమెకు ఒక్క ఓటు వేయలేకపోయాను.

ఫలితాల మర్నాడు ఆమె ఇంటికి వెళ్లాను. ట్యాంకరు నుంచి తెచ్చిన బిందెలు లోపల పెడుతోంది.

"అక్కా, తప్పు నాదే," అన్నాను.

"నీదే," అంది. "ఇంకెవలది మరి?"

తలవంచుకుని నిలబడ్డాను. ఆమె బిందె దించి చేతులు తుడుచుకుంది.

"ఒక్క మాట తమ్మీ. మా ఆయన పోయినంక నేను కడుపు నిండ నవ్వింది గా వారమే. అబద్ధమని తెల్వక నవ్విన. ఇప్పుడు గా నవ్వు గూడ వాపస్ ఇయ్యాల్నా?"

బయటికొచ్చేశాను. వీధిలో ఏడిస్తే జనం చూస్తారని హోటల్ వెనక్కి వెళ్లి ఏడ్చాను.

కనుక పాఠక మహాశయులారా, ఇందుమూలముగా నేను ప్రమాణం చేయునది ఏమనగా: ఇకమీదట నా చేతికి ఏ కాగితం వచ్చినా ఆఖరి పేజీ ఆఖరి పంక్తి దాకా చదవనిదే నేను నవ్వను, ఇంకొకరిని నవ్వించను. పెళ్లి పత్రికైనా సరే, అడుగున ఏం రాశారో చూశాకే శుభాకాంక్షలు.