పెంకుల మధ్య పుల్లలు

"ఈ చెయ్యి ఎవడు విరక్కొట్టాడయ్యా?"

రెండువేల ఒకటిలో, ఏలూరులో, కానిస్టేబుళ్ల సెలక్షన్లో వైద్యపరీక్ష చేస్తున్న డాక్టరుగారు నిరంజన్‌ని అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి పరుగు అయింది, లాంగ్‌జంపు అయింది, ఛాతీ కొలత అయింది, రాతపరీక్ష కూడా గట్టెక్కింది. మిగిలింది ఈ ఒక్క గండం. నిరంజన్ బనీనుతో నిలబడి కుడిచెయ్యి చాచాడు. చూపుడువేలు సగం వరకే ముడుచుకుంటుంది. దాని పక్కవేలు ముడుచుకుంటుంది గానీ తనకు తోచినవైపు పోతుంది. బజార్లో బెండకాయలు చూసినట్టు డాక్టరుగారు ఆ రెండు వేళ్లనీ వంచి చూశారు.

"నేనేనండీ," అన్నాడు నిరంజన్.

"నీ చెయ్యి నువ్వే విరక్కొట్టుకున్నావా?"

"కరాటేలోనండీ."

తుపాకీ మీట నొక్కాల్సిన వేలు ముడుచుకోనివాణ్ణి పోలీసుల్లోకి ఎవరు తీసుకుంటారు? పనికిరాడని రాసేశారు. ఆ కరాటే నేర్చుకున్నదే ఈ ఉద్యోగం కోసమని నిరంజన్ ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయన నవ్వేవారు, నవ్వినా తప్పులేదు.

నిరంజన్‌ది మండవల్లి. తండ్రి రాజరత్నంగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, చర్చిలో పెద్ద. అబద్ధమాడిన పిల్లవాడికి ఆ ఇంట్లో రాత్రి అన్నం ఉండేది కాదు. కాలేజీ చదువుకి ఏలూరు వచ్చి హాస్టల్లో దిగిన నిరంజన్‌కి మొదటి నెలలోనే ఎవరో చెప్పారు, బ్లాక్‌బెల్టు ఉంటే పోలీసు ఉద్యోగం నడిచొస్తుందని. ఎవరు చెప్పారంటే ఫలానావారని అతను ఇప్పటికీ చెప్పలేడు. అందరూ చెప్పుకునేవారు. ఊళ్లో ఏ గోడ చూసినా గాల్లోకి లేచిన కాలు బొమ్మ, దాని కింద ఒక ఫోన్ నంబరు.

గురువు పాండురంగారావు ఒక స్కూలు గ్రౌండులో పొద్దున్నే క్లాసు పెట్టేవాడు. సిమెంటు నేలమీద పిడికిళ్లు ఆనించి దండీలు తీయించేవాడు. మొదట ఊకబస్తాని గుద్దించాడు, తర్వాత ఇసుకబస్తాని, ఆ తర్వాత కంకరబస్తాని. నొప్పిగా ఉందంటే, నొప్పి బుర్రలో ఉంటుందిరా, ఒంట్లో కాదు, అనేవాడు. బుర్ర ఉన్నవాడెవడూ ఆ మాట నమ్మడు. నిరంజన్ ఏళ్లతరబడి నమ్మాడు. క్లాసులో ఎవరూ ప్రశ్న అడగకూడదు. గురువు ఏం చెప్పినా నడుం వంచి దండం పెట్టాలి. దాన్నే క్రమశిక్షణ అనేవారు. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు ఆ దండం చూసి మురిసిపోయేవారు. ఇంట్లో మంచినీళ్లు తెమ్మంటే తేని కొడుకు ఇక్కడ నేలకి ముక్కు ఆనిస్తున్నాడు కదా మరి.

ఏటా వార్షికోత్సవంలో పెంకులు పగలగొట్టడం ఒక ముచ్చట. పడగొట్టిన పాత ఇళ్ల బెంగుళూరు పెంకులు కొని తెచ్చి, స్కూలు డాబామీద ఎండబెట్టి, ఒక్కొక్కదాన్నీ వేలితో తట్టి, మోత వినిమరీ ఏరేవాడు పాండురంగారావు. దొంతర పేర్చేటప్పుడు రెండు పెంకుల మధ్య, ఇటొకటీ అటొకటీ, పుల్లైసు పుల్లలు పెట్టేవాడు. అలా సందు ఉంటే పై పెంకు విరిగి కిందిదాన్ని విరుస్తుంది. దెబ్బ ఒక్కొక్క పెంకుమీదే పడుతుంది. సందు లేకపోతే ఆ దొంతర దొంతరంతా ఒకే రాయి. క్లాసులో అందరికీ పుల్లల సంగతి తెలుసు. ఎందుకో మాత్రం ఎవరికీ తెలియదు, అడగకూడదు కాబట్టి. చూసేవాళ్లకి తెలియకూడదన్నది ఒక్కటే అందరికీ అర్థమైంది.

తొంభై ఎనిమిదిలో బ్లాక్‌బెల్టు ఇచ్చేరోజు నిరంజన్‌కి ఏడు పెంకులు పెట్టారు. అప్పుడు రాజరత్నంగారి కొడుకు మేలుకున్నాడు. ఇంతమంది ముందు మోసం చేసి బెల్టు కట్టుకోవడమా అనుకున్నాడు. అతిథులు టీ తాగుతుండగా వెళ్లి పుల్లలన్నీ లాగేసి జేబులో వేసుకున్నాడు. గట్టిగా అరిచి కొట్టాడు. పై రెండు పెంకులూ పగిలాయి. తర్వాత పగిలింది చెయ్యి.

చేతిలో పుటుక్కుమన్న చప్పుడు అతనికి వినబడింది. గురువుకీ వినబడే ఉంటుంది. అయినా, అతిథులకి దండం పెట్టు, మొహంలో ఏమీ కనబడనీకు, అని పళ్ల బిగువున చెప్పాడు. విరిగిన చేత్తో నిరంజన్ వరసన అందరికీ దండాలు పెట్టి, జనగణమన అయ్యేదాకా నిటారుగా నిలబడ్డాడు. అతిథుల్లో ఒకాయన ఆ నిగ్రహాన్ని మైకులో మెచ్చుకున్నాడు కూడా. ఎక్స్‌రే తీయించాల్సిన సమయంలో మెచ్చుకోలు.

తర్వాత గురువే అతన్ని స్కూటరుమీద గణపవరం అవతల ఒక కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆసుపత్రికి వెళితే సంగతి పేపర్లో పడుతుందని భయం. మినప్పిండీ కోడిగుడ్డు సొనా కలిపి వెదురుబద్దలతో కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది, తనకు నచ్చినట్టు. ఆ దారిలోనే జేబులో పుల్లలు బయటపడ్డాయి.

"ఎవడు తియ్యమన్నాడ్రా నిన్ను?"

"మోసం కదండీ మాస్టారూ."

"మోసం కాదురా, పద్ధతి. పుల్లలు లేకపోతే చెయ్యి పోతుందని తెలీదూ?"

"మీరు చెప్పలేదండీ."

"నువ్వడిగావా?"

ఇన్నేళ్ల చదువుకీ ఈ చివరిమాటే సారాంశమని నిరంజన్‌కి అప్పుడు తట్టలేదు. తర్వాత తట్టినప్పుడల్లా ఒళ్లు మండేది. గురువుమీద కొంత. నోరుండి అడగని తనమీద ఎక్కువ.

పోలీసు ఉద్యోగం పోయాక బ్లాక్‌బెల్టు ఒక్కదానికే పనికొచ్చింది, ఇంకొకళ్లకి కరాటే నేర్పడానికి. నర్సు ప్రసన్నకుమారిని పెళ్లి చేసుకుని తాడేపల్లిగూడెంలో కాపురం పెట్టాడు. అక్కడ ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి జగన్నాథంగారు ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు పెట్టి, దానికి తానే కరస్పాండెంటుగా ఉన్నారు. అందులో కుదిరాడు. కంకరబస్తా వద్దన్నాడు, ప్రశ్నలు అడగమన్నాడు. పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటే: పెంకులు ఎప్పుడు సార్?

రెండువేల ఏడులో పెంకులు వచ్చాయి. అంతకు ముందు నెల అత్తిలివైపు ఏదో స్కూల్లో, స్టేజీ ఊడ్చేవేళ పెంకుల ముక్కల్లో పుల్లలు దొరికి, ఊరంతా నవ్విందట. జగన్నాథంగారు నిరంజన్‌ని పిలిచి కుర్చీ వేయించి, టీ తెప్పించి, మెత్తగా చెప్పారు.

"మన దగ్గర అంతా నిజాయితీగా జరగాలండీ, మాస్టారూ. పుల్లలొద్దు. ముఖ్య అతిథిగారే స్వయంగా చూసుకుంటారు."

నిరంజన్ ఆయనకి దొంతర గురించి చెప్పాడు, సందు గురించి చెప్పాడు, చివరికి చెయ్యి కూడా చూపించాడు. ఆయన జాలిపడ్డారు. పడి, మీ శిక్షణమీద మీకే నమ్మకం లేకపోతే ఎలాగండీ అన్నారు. తొంభై ఎనిమిదిలో తను చేసిన వెధవపని ఇప్పుడు ఇస్త్రీ పంచె కట్టుకుని ఎదురుగా కూర్చుని టీ తాగమంటోంది.

పెంకులు కొట్టాల్సింది తొమ్మిదో తరగతి తేజస్వి. కరపత్రంలో పేరు కూడా వేశారు. పిల్ల ఇంట్లో చాటుగా సిమెంటు గచ్చుమీద దండీలు తీసి పిడికిళ్లు నల్లగా చేసుకుంది. కాయకాచిన ఆ కణుపులు చూపించి మరీ మురిసిపోతోంది. నిరంజన్ వద్దన్నాడు.

"మీరు కొట్టారు కదండీ సార్."

"కొట్టాను. చూడు ఎలా ఉందో."

తేజస్వి ఆ చెయ్యిని శ్రద్ధగా చూసింది. "మీకు సరిగ్గా వచ్చుండదండీ," అంది.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే ప్రసన్నకుమారి కూర తరుగుతూనే నవ్వింది. "మీ గురువుగారు మిమ్మల్ని తయారుచేసినట్టే అచ్చం మీరూ ఆ పిల్లని తయారుచేశారండీ. రేపు దాని చేతికి కట్టు కట్టేది నేనే కాబోలు," అంది. ఆ మాటకి నిరంజన్‌కి కోపం వచ్చింది. నిజం కాబట్టి మరీ వచ్చింది. తను కంకరబస్తా మాన్పించాడే గానీ, గాల్లోకి లేచిన కాలు బొమ్మ ఉన్న బ్యానరు కట్టింది తనే.

వార్షికోత్సవంనాడు స్టేజీమీద ఐదు పెంకుల దొంతర పేర్చారు. ముఖ్య అతిథి వంగి చూసి, పుల్లలు లేవని తల ఊపాడు. జనం చప్పట్లు కొట్టారు. తేజస్వి తెల్లబట్టల్లో వచ్చి నిలబడింది. అప్పుడు నిరంజన్ వెళ్లి పై నాలుగు పెంకులూ ఒక్కొక్కటే తీసి కింద పెట్టేశాడు. మైకు తీసుకుని, పుల్లలు ఎందుకు పెడతారో, పెట్టకపోతే ఏం జరుగుతుందో చెప్పాడు. వక్తృత్వం అతనికి లేదు. జనం గొణుక్కున్నారు. వెనకనుంచి ఎవరో, టిక్కెట్టు డబ్బులిచ్చెయ్యండి అన్నారు, టిక్కెట్టు లేకపోయినా. ఇంకెవరో సోడా తెమ్మన్నారు.

పెంకులు పగలగొట్టడం ఏ అమ్మాయికీ దారిలో అక్కరకు రాదని, ఎవరైనా చెయ్యి పట్టుకుంటే వదిలించుకుని పరిగెత్తడమే అక్కరకొస్తుందని చెప్పి, చూపించడానికి తేజస్వి మణికట్టు పట్టుకున్నాడు.

"వదిలించుకో," అన్నాడు.

తేజస్వి కళ్లనిండా నీళ్లు. ఆ నీళ్లతోనే అతని బొటనవేలి వైపుకి చెయ్యి చటుక్కున తిప్పి గుంజుకుంది. పాదంమీద మడమతో ఒక్క తొక్కు తొక్కింది. దండం పెట్టలేదు. స్టేజీ దిగి, కుర్చీల మధ్యనుంచి గేటు దాకా వెనక్కి చూడకుండా పరిగెత్తింది. అంతకంటే శుద్ధంగా ఆ విద్య ఎవరూ చేయలేరు. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని జనం ఈలలు వేశారు. నిరంజన్ కుంటుతూ మైకు తిరిగి ఇచ్చేశాడు.

తేజస్వి మళ్లీ క్లాసుకి రాలేదు. చెయ్యి బంగారంలా ఉందనీ, మీ పేరెత్తితే మాత్రం అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోతోందనీ ఆమె తల్లి బజార్లో కనబడి చెప్పింది. వారం తిరిగాక జగన్నాథంగారు మళ్లీ కుర్చీ వేయించి, రేపట్నుంచి మీకు శ్రమ ఎందుకండీ అన్నారు. ఈసారి టీ రాలేదు. రావలసిన జీతం సంగతి అడిగితే, పరీక్షలయ్యాక చూద్దామండీ అన్నారు.

పరీక్షలు అప్పటినుంచి రెండుసార్లు అయ్యాయి. మూడు నెలల జీతం, నాలుగువేల ఐదువందల రూపాయలు, ఇంకా ఇవ్వలేదు.