అక్క ఎక్కించిన రైలు

మా చిన్నప్పుడు... తొలకరికి ముందు విత్తనం కోసం చెనిక్కాయలు, అదే వేరుశనక్కాయలు, ఒలిచే పని ఇంటింటా ఉండేది. మా ఇంటి అరుగు మీద కాయలు కుప్పపోసి అవ్వలూ పిల్లలూ చుట్టూ కూర్చునేవాళ్లం. ఒలిచి ఒలిచి వేళ్లు మండేవి... అయినా ఎవరూ లేచేవాళ్లు కాదు. మా రత్నక్క సినిమా చెప్పేది మరి!

సినిమా అంటే మాకు కళ్యాణదుర్గమే. నాయన పని మీద పోతూ ఎప్పుడన్నా అక్కను తీసుకెళ్లేవాడు. ఆమె చూసొస్తే ఊరంతా చూసినట్టే. అక్క వంతు కాయలు కూడా మేమే ఒలిచేవాళ్లం... చేతులు తిప్పకుండా ఆమెకు కథ చెప్పడం రాదు. విలన్ వస్తే చేట అడ్డం పెట్టుకునేది. ఏడుపు సీను వస్తే నిజంగానే ఏడ్చేది.

ఒకసారి ఒక సినిమా చెప్పింది. తల్లి లేని పిల్ల... చదువుకుంటానంటుంది, ఇంట్లో వద్దంటారు. అక్కడిదాకా చెప్పి అక్క చేట కింద పెట్టింది. పక్కింటి ఓబులమ్మవ్వ ఉండబట్టలేకపోయింది.

"ఏమే రత్నా, ఆ పిల్ల ఏమాయనే?"

"పెట్టె తీసుకోని గుంతకల్లుకు పాయ అవ్వా. ఆడ రైలెక్కి కాలేజీకి పోతాండాది. కిటికీలోనించి చెయ్యి ఊపుతాండాది... అంతే, అయిపాయ!"

"పోనీలేమ్మా, ఆ పిల్లన్నా గట్టెక్కె" అంటూ అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఏడో తరగతితో అక్క చదువు ఆగిపోయింది. హైస్కూలు ఉన్నది పక్క ఊళ్లో. "నడిచే పోతా నాయనా, బస్సు కూడా వద్దు" అని అక్క ఎంత బతిమాలినా నాయన తలెత్తలేదు. తర్వాత పెళ్లి చేశారు... తొలి కాన్పులోనే పోయింది. మా అక్క జన్మలో రైలెక్కలేదు.

మొన్న అనంతపురంలో మా అమ్మాయి హాస్టల్‌కు వెళ్లాను. ఇప్పటి పిల్లలకు పాఠాలు ఫోన్లోనే, సినిమాలు ఫోన్లోనే, ఆకలేస్తే టిఫినూ ఫోన్లోనే... సంతోషమే. అక్క తరఫున కాస్త కడుపుమంట కూడా, దాచుకోవడం ఎందుకు! అక్క చెప్పిన ఆ సినిమా పేరు చెప్పగానే మా అమ్మాయి క్షణంలో వెతికి పెట్టింది.

"స్లోగా ఉంది నాన్నా, స్పీడు పెంచనా?" అంది. వద్దన్నాను.

చివరిదాకా చూశాను. ఆ పిల్ల చదువుకోలేదు. జబ్బు చేసి, ఆ ఊళ్లోనే చనిపోయింది. రైలు లేదు, గుంతకల్లు లేదు...

అమ్మకు ఫోన్ చేసి, అక్క చెప్పిన ముగింపు సినిమాలో లేదన్నాను. "యాడ చూసిందిరా పూర్తిగా? ఆఖరి బస్సు పోతాదని మీ నాయన ప్రతిసారీ నడుమనే తోలుకోని వస్తాండె" అంది.

ఫోన్ పట్టుకుని ఆ హాస్టల్ మెట్ల మీదే ఏడ్చేశాను. పిల్లలు చూస్తారని కూడా తోచలేదు. ఆ రైలు కిటికీలో కూర్చుని చెయ్యి ఊపింది మా అక్కే... ఇన్నేళ్లకు తెలిసింది.

ఇప్పుడు ఏ సినిమా అయినా, ఎన్నిసార్లయినా, చివరిదాకా చూడొచ్చు. బస్సు పోతుందన్న భయం లేదు... చెప్పడానికి అక్కే లేదు.

మీ ఇంట్లో సినిమా చెప్పేవాళ్లు ఎవరు? వాళ్లు చెప్పిన కథ చెప్పినట్టే కింద రాయండి... అసలు సినిమాతో మాత్రం సరిచూడకండి.