తమ్ముడి కూనిరాగం

రాజ్యాలు కూలిన తేదీలన్నీ రాసిపెట్టిన చరిత్రకారులు, ఒక మనిషి పళ్లు తోముకుంటూ కూనిరాగం తీయడం ఎప్పుడు మొదలుపెట్టాడో రాయకపోవడం ఆ శాస్త్రానికే తీరని లోటు. కాబట్టి ఇక్కడ నమోదు చేయక తప్పడం లేదు: సోల్డరు బాబాయి తమ్ముడు తన తొమ్మిదో ఏట, ఒక మంగళవారం పొద్దున, నోట్లో బ్రష్షుతో ఆ రాగం ఎత్తుకున్నాడు. ముప్పై రెండేళ్లపాటు దించలేదు. గుండీలు పెట్టుకుంటున్నా అదే, బస్సు కోసం నిలబడినా అదే. ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా తీశాడట. ఆ ఉద్యోగం రాలేదు.

రాగం వాళ్ల చిన్నప్పటి వీడియో గేములోది. ఉన్న ఒక్క క్యాసెట్టూ నీళ్ల బకెట్లో పడి పాడైపోయింది. యంత్రం అటకెక్కింది. రాగం మాత్రం తమ్ముడి గొంతులో కాపురం పెట్టింది.

మొన్న చలికాలంలో తమ్ముడు పోయాడు.

అన్నకున్నది టీవీలు, రేడియోలు బాగుచేసే కొట్టు. అందుకే వీధికంతటికీ సోల్డరు బాబాయి. మూడు నెలల తర్వాత ఒకరోజు అమ్మ బట్టలు మడతపెడుతూ, వాడి రాగం తనకు మొదలు గుర్తొచ్చి తర్వాత జారిపోతోందని చెప్పింది. కన్నదాన్ని, నేనే మరిచిపోతే ఎలాగని తనను తాను తిట్టుకుంది. ఆయన నిచ్చెన తెచ్చుకుని అటకెక్కాడు.

క్యాసెట్ ఆరో పాతసామాన్ల కొట్లో దొరికింది. పైన బొమ్మ అదే, కానీ వేరే దేశానికి తయారైనది. ఇంట్లో యంత్రం దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. లోపల రెండు ప్లాస్టిక్ పళ్లు అడ్డం. కటింగ్ ప్లయరుతో వాటిని పీకాడు. క్యాసెట్ దూరింది, తెర నల్లగానే ఉంది. లోపల తాళం చిప్పు ఒకటుంది. వచ్చిన ప్రతి క్యాసెట్‌నూ నీది ఏ ఊరని అడుగుతుంది, జవాబు నచ్చకపోతే ఆటను నోరెత్తనివ్వదు. ఆయన దాని నాలుగో కాలు దగ్గర సోల్డరు అతుకు కరిగించి, సూదితో పైకి లేపాడు. అంతటి అధికారి నోరు అంతటితో మూతపడింది.

అక్కడ ఆగితే పోయేది. పనిమంతుడికి ఆగడం చేతకాదు. ఆ దేశం యంత్రాలు సెకనుకు అరవై బొమ్మలు గీస్తాయి, ఇంట్లోది యాభై; రాగం వేగమూ ఆ లెక్కనే. ఆట దాని అసలు వేగంతో నడవాలని వెనక అరవైకీ యాభైకీ మార్చే స్విచ్ కూడా బిగించాడు.

అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, అరవై మీద పెట్టాడు.

"ఇదెవరి పాటరా," అంది అమ్మ. "రైలు తప్పిపోతున్నవాడు పాడినట్టుంది."

యాభైకి మార్చాడు. రాగం నడక తగ్గింది. చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ చాపమీద కూర్చుని విన్నది అచ్చం ఇదే. అమ్మ కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

"ఇదే నాన్నా. ఇంకాస్త నెమ్మది చెయ్యి."

"ఇంతేనమ్మా. వాడు విన్నది ఇదే."

"విన్నది కాదురా, వాడు పాడింది. మధ్యమధ్యలో ఆగేవాడు కదా."

ఆగేవాడు. చివరి ఏడాది ఊపిరితిత్తులు మొండికేశాక, మంచం మీద, నాలుగు స్వరాలకోసారి, దమ్ము తీసుకోవడానికి. పక్కన కూర్చుని అమ్మ రోజూ విన్నది అదే.

అమ్మ ఎదురుచూస్తూ ఆయన చేతికేసి చూసింది. చెయ్యి స్విచ్ మీదే ఉంది.

ఆ స్విచ్‌కు రెండే వేగాలు.