మా మామ వేసిన అండమాన్ రోడ్డు

మా మామ పోయాడు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. ఆ కబురు వచ్చేసరికి నేను తిరుచానూరులో మా వీధి చివర పూలు బేరమాడుతున్నాను. "వదినా, నాయన పొయినాడు" అన్నాడు ఫోనులో మామ కొడుకు. ఇంకేదో కూడా చెప్పాడు గానీ బస్సుల మోతలో వినపడలేదు. పూలామె మూర కొలిచి తెంపబోతూ నా ముఖం చూసి ఆగింది. "యాడికన్నా పోవల్లనా, మ్మా?" అంది. పోవాలన్నాను.

నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఎవరి మీదో అర్థం కావడానికి మామ ఊరికి పోయే ఐరాల బస్సెక్కి సగం దూరం పోవలసి వచ్చింది. నా మీదే. మామ నాతో నాలుగేళ్లుగా ఒక్క విషయం మాట్లాడటం మానేశాడు. ఎప్పటికైనా మళ్లీ ఎత్తుతాడులే, ఎక్కడికి పోతాడు అని ధీమాగా ఉండిపోయాను. ఇప్పుడు ఎక్కడికి పోయాడో తెలిసింది.

ఆ విషయం ఒక రోడ్డు. చదివేవాళ్లకు మొదటి నుంచీ చెబుతాను.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. ఇరవై ఏళ్లు నిండకముందే మద్రాసులో ఓడెక్కి అండమాన్ పోయాడు. అక్కడ పెద్ద రోడ్డు వేస్తున్నారని ఎవరో మేస్త్రి ఊళ్లోకి వచ్చి మనుషుల్ని పిలుచుకుపోయాడట. దక్షిణాన పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరాన దిగ్లీపూర్ దాకా, దీవుల పొడుగునా, మూడు వందల కిలోమీటర్లకు పైగా పోయే రోడ్డు అది. మామ కంకర కొట్టే కూలీగా చేరి, మేస్త్రి అయి తిరిగి వచ్చాడు. మధ్యలో ముప్పై ఏళ్ల దాకా గడిచాయి. రెండేళ్లకోసారి సెలవు మీద వస్తే మా ఇంట్లో వారం ఉండేవాడు. ఆ వారమంతా మాకు రోడ్డు కథే.

"ఆడ బస్సే పడవెక్కుతాది, అమ్మణ్ణీ. మనం బస్సులో కూసోనుంటాం, బస్సు పడవలో కూసోనుంటాది" అనేవాడు. నేను బళ్లో సోషల్ టీచరుగా చేరాక మా ఇంటి గోడకు దేశపటం తగిలించాను. మామ దాని ముందు నిలబడి చాలాసేపు వెతికి, సముద్రంలో ఉన్న చుక్కల మీద వేలు పెట్టాడు. "నా వయసంతా కరిగింది ఈ సుక్కలోనా? ఏం టీచరమ్మా, పిలకాయలకి మీరు సెప్పేది ఇంతేనా?" అన్నాడు. నేను ఎర్ర సిరా పెన్ను తెచ్చిస్తే, పటం మీద చోటు చాలక, పక్కన గోడ మీదే పెద్దగా గీత గీశాడు. రంగత్, మాయాబందర్ అని ఒక్కో ఊరి దగ్గరా ఆగి, అక్కడ ఏ వంక మీద తూము కట్టారో, ఏ గుట్ట ఎన్నిసార్లు జారి రోడ్డు మీద పడిందో చెప్పాడు. గోడ పాడైందని మా అమ్మ తిట్టింది. తమ్ముడు కదా, ఎక్కువ తిట్టలేదు.

ఊరికి తిరిగి వచ్చేశాక కూడా మామకు రోడ్డు పిచ్చి పోలేదు. కొత్తగా తారు వేసిన రోడ్డు కనబడితే చెప్పు విడిచి మడమతో నొక్కి చూసేవాడు. "ఎండలో అన్ని రోడ్లూ బాగానే ఉంటాయి, వానలో రమ్మను" అని కాంట్రాక్టరు ఎదురుగా ఉన్నట్టే సవాలు చేసేవాడు. మన చిత్తూరు మీదుగా బెంగళూరు, మద్రాసులకు పోయే హైవేకు ఒకప్పుడు నాలుగో నంబరు. నంబర్లు మార్చినప్పుడు ఆ నాలుగు పోయి అండమాన్ రోడ్డుకు చేరింది. ఆ సంగతి పేపర్లో చూసి చెబితే మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను తిరిగొస్తి, నాకు బదులు మన నంబరు పొయ్యింది సూడు!" అని ఊరంతా చెప్పుకున్నాడు.

ఇంత చెప్పే మనిషి ఒక ముక్క మాత్రం ఎప్పుడూ దాటేసేవాడు. దక్షిణం నుంచి మొదలుపెట్టి జిర్కటాంగ్ అనే చోట చెక్‌పోస్టు దాకా వచ్చి, అక్కడ బీడీ వెలిగించి, రెండు దమ్ములు లాగి, మళ్లీ పడవ రేవు దగ్గర ఎత్తుకునేవాడు. మధ్యలో ఉన్నది జారవాల అడవి. మనం ఎవరమో వాళ్లకు అక్కర్లేకుండా ఎన్ని తరాలుగానో అక్కడ బతుకుతున్న మనుషులు.

"మధ్యలో ఏముంది మామా?" అని అడిగేదాన్ని.

"అడివి."

"అడివిలో?"

"అడివిలో అడివి ఉంటాది."

నేను రిటైరైన ఏడాది మా టీచర్లం ఎనిమిది మందిమి కలిసి అండమాన్ టూరు పెట్టుకున్నాం. మామకు చెప్పడానికి ఊరికి పోయాను. చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. రంగత్‌లో తనతో పనిచేసిన ఒకాయన ఉన్నాడు, కలిసి రమ్మన్నాడు. ఆ తరవాత గొంతు మార్చాడు.

"ఆ అడివి కాడ పొద్దున బండ్లన్నీ వరసగా వదుల్తారు. ముందొక పోలీసు బండి, ఎనకొకటి. అది దాటేదాకా అద్దం దించొద్దు. ఫోటో తియ్యొద్దు. ఎవురికీ ఏమీ ఇయ్యొద్దు."

"ఆ రూల్సు మాకూ చెప్తార్లే మామా."

"రూలు కాదు మే. నేను అడగతా ఉండా. తల దించుకోని పో. ఒకరింట్లో నుంచి దోవ ఉంటే ఎట్ల పోతాం? అట్ల పో."

చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు మాట తప్పకూడదని పాఠం చెప్పినదాన్ని.

తిరుపతివాళ్లం పొలిమేర దాటితే చేతిలో లడ్డూలు లేకుండా పోము. పెళ్లికైనా, ఆఫీసు పనికైనా, ఆస్పత్రిలో ఉన్నవాళ్లను చూడటానికైనా అదే. ఎదుటివాడు ఎవరు, ఏ మతం, ఏం తింటాడు అని కూడా అడగము. ప్రసాదం ఇస్తే కాదనేవాళ్లు ఉంటారని మాకు తోచదు. ఆ రోజూ రంగత్ పెద్దాయన కోసం నా ఒళ్లో లడ్డూల సంచి ఉంది.

అడవిలో ఒక మలుపు దగ్గర ముందు బండ్లు నెమ్మదించాయి. రోడ్డు అంచున నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒక తల్లి, చంకలో బిడ్డ. మా వ్యానులో అందరూ ఒకేసారి లేచారు. అందరితో పాటు నేనూ లేచాను. అద్దం జరిపాను. ఎందుకు జరిపావని ఎవరైనా ఆ క్షణంలో అడిగి ఉంటే, బిడ్డ ముఖం ముద్దుగా ఉంది, దేవుడి ప్రసాదం, ఇందులో తప్పేముంది అనే చెప్పి ఉంటాను. చేయి బయటపెట్టి లడ్డూ ఇచ్చాను. ఆమె తీసుకుందో, నేనే చేతిలో కుక్కానో ఇప్పుడు చెప్పలేను. రెండోది ఇవ్వబోతుంటే వ్యాను కదిలింది. అది జారి తారు మీద పడితే వెనక బండి దాని మీదుగా వచ్చేసింది. ప్రసాదం చక్రం కింద పడిందని మేమంతా గోవిందా అనుకుంటూ చెంపలు వేసుకున్నాం. ఆ రోజు మాకు తోచిన తప్పు అదొక్కటే.

నా పక్కనున్న టీచరు ఫోనులో ఫోటో తీసింది. సిగ్గులేనిదాన్ని, తిరిగి వచ్చాక దాన్ని మామకే చూపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన చెప్పకుండా దాటేసే చోటు నేను చూసి వచ్చానన్న గొప్ప కూడా కొంచెం ఉంది.

మామ కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని చూశాడు.

"ఈ చెయ్యి నీదేనా అమ్మణ్ణీ?"

"నాదే. ప్రసాదమే కదా మామా."

"వాళ్లడిగినారా?"

రోడ్డు మేస్త్రి కదా, ఆయన మనుషుల ముఖాలు చూడటం లేదు, కాళ్లు చూస్తున్నాడు. "ఈమె కాలు సూడు. ముందుకేసుండాది. దోవ దాటల్లని నిలబడుండాది ఆ తల్లి. మీ బండ్లు ఎప్పుడు పోతాయా అని కాసుకోనుండాది. నీ లడ్డూ కోసరం కాదు" అన్నాడు.

ఆ రోజే, జీవితంలో ఒక్కసారే, ఆ దాటేసిన ముక్క చెప్పాడు. చెక్‌పోస్టుకు, పడవ రేవుకు మధ్యది.

"ఆ అడివిలో మాకు పని సాగలే. సెట్టు కొట్టేకొద్దీ బాణాలు. మా గుంపులో ఇద్దురు పొయినారు. వాళ్లలో ఎంతమంది పొయినారో ఎవురికి తెలుసు? కడాకు మా మేస్త్రి అరటిగెలలు తెప్పించి సెట్లకి కట్టమన్నాడు. కట్టింది నేనే. నాలుగు దినాలు ముట్టలే. ఐదోనాడు పొయి సూస్తే గెల లేదు. మేమంతా ఈలలేసి ఎగిరినాం. ఆన్నించి రోడ్డు గబగబా పొయింది." మళ్లీ ఫోనులోకి చూశాడు. "అరటిపండు పెట్టి అడివి తీసుకుంటిమి, అమ్మణ్ణీ. నువ్వు పొయి దానికి తీపి పెట్టొచ్చినావు."

ఫోను నా చేతికి ఇవ్వలేదు. చాప మీద బోర్లించి, లేచి పెరట్లోకి పోయాడు.

ఆ తరవాత మామ నాతో మాట్లాడలేదంటే అబద్ధం. మామిడి కాపు గురించి, ఆవు ఈనడం గురించి, నా మోకాళ్ల గురించి అన్నీ మాట్లాడాడు. రోడ్డు మాత్రం ఎత్తలేదు. నేను ఎత్తితే "అమ్మణ్ణికి కాఫీ పెట్టు మే" అని అత్తను కేకేసేవాడు. ఒకసారి పక్కింటాయనకు వసారాలో ఆ బస్సు పడవెక్కే సంగతి చెబుతుంటే వంటింట్లో నుంచి విన్నాను. వినాలని ఆశగా బయటికి వచ్చాను. నన్ను చూసి ఆపేశాడు. అంతకన్నా రెండు దెబ్బలు వేసి ఉంటే బాగుండేది.

ఒక ఏడాది నేను మొండికేశాను. విషం పెట్టానా, ప్రసాదం పెట్టాను, ఈ ముసలాయనకు ఇంత పంతమా అనుకున్నాను. ఆ మొండితనం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. మామ వాళ్ల ఊరి మధ్యగా పోయే రోడ్డును వెడల్పు చేస్తామని షామియానా వేసి మీటింగు పెట్టారు. ఎవరి పొలం ఎంత పోతుందో చెప్పకముందే అందరికీ మిఠాయి పొట్లాలు పంచారు. నేనూ ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను. అందరితో పాటు చేయి చాపి పొట్లం తీసుకున్నాను. విప్పబోతూ, వసారాలో కూర్చున్న మామను చూశాను. అత్త తెచ్చిపెట్టిన పొట్లం ఆయన ముందు కట్టిన దారంతో అట్లాగే ఉంది. నా పొట్లం కూడా విప్పలేకపోయాను. రోడ్డు వచ్చింది, ఊరు రెండు ముక్కలైంది. ఇళ్లు ఇటు, వల్లకాడు అటు.

మామ పోవడానికి మూడు వారాల ముందు ఊరికి పోయాను. అప్పటికే బాగా నీరసించాడు. ఇంక ఆగలేక పక్కన కూర్చుని అడిగేశాను. "మామా, మాట ఇచ్చి తప్పాను. నన్ను క్షమించు."

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ ముఖంలో. కోపం ఉంటే పట్టుకుని వేలాడేదాన్ని.

"నన్నడిగితే యెట్ల, అమ్మణ్ణీ? పెట్టింది నాకా?" అన్నాడు. తరవాత ఫ్యాను కొంచెం పెంచమన్నాడు.

నాకు రోడ్డును చూడటం నేర్పింది ఆయనే. రోడ్డు ఎక్కడికి పోతుందో చెప్పడమే చదువని నేను అనుకుంటే, ఎవరి మీదుగా పోతుందో అడగాలని నేర్పాడు. ఆ రుణం ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. నేర్చుకున్నది ఆలస్యంగా, అదీ ఇంకొకరి పట్ల తప్పు చేసి.

నేను ఊరు చేరేసరికి కుర్రాళ్లు ఫ్లెక్సీ కట్టేశారు. "అండమాన్ రహదారి నిర్మాతకు అశ్రునివాళి" అని, వెనక ఎక్కడిదో మంచుకొండల మధ్య రోడ్డు బొమ్మ. ఒక నాయకుడు వచ్చి మామ దేశానికి చేసిన సేవ గురించి మాట్లాడి, పేరు తప్పు చెప్పి, వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పాడె లేచింది. మా వైపు ఆడవాళ్లం వల్లకాటికి పోము, రోడ్డు దాకా పోయి ఆగిపోతాం. రోడ్డు దగ్గర పాడె కూడా ఆగిపోయింది. వచ్చే బండ్లు ఆగడం లేదు. ముందున్నవాళ్లు తువ్వాళ్లు ఊపారు, పలకలవాళ్లు గట్టిగా కొట్టారు. లారీలు హారన్ కొట్టుకుంటూ పోయాయి. మోసేవాళ్లు భుజాలు మార్చుకున్నారు. మామ కొడుకు నిప్పుకుండ పట్టుకుని, రోడ్డు మీదికి ఒక అడుగు వేసి, మళ్లీ వెనక్కు తీసుకున్నాడు. చివరికి తిరుపతి వైపు పోయే ఒక యాత్రికుల బస్సు నెమ్మదించింది. దారి ఇస్తున్నారనుకున్నాను. కిటికీల అద్దాలు జరిగాయి. ఫోన్లు బయటికి వచ్చాయి. నాకు దగ్గరగా ఉన్న కిటికీలో ఒకామె, నా ఈడుదే, నుదుట ఇంత బొట్టు, మంచి మనిషిలాగే ఉంది. "అయ్యో పాపం" అంటూ ఫోనును పాడె మీద నుంచి నెమ్మదిగా నా ముఖం మీదికి తిప్పింది. కొంగు అడ్డం పెట్టుకుందామని చేయి లేచింది. పెట్టుకోలేదు. బస్సు కదిలిపోయేదాకా అట్లాగే నిలబడి, ఆమెకు కావలసినంత సేపు చూడనిచ్చాను.