చెవిలో అరిచిన గురువారం

అయినా సరే, తప్పంతా నాదే అంటే నేను ఒప్పుకోను. ఇయర్‌బడ్ తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది నేనా? చెప్పాపెట్టకుండా స్పీకర్‌లోకి మారిపోయిన ఫోన్ నాదా? "అరిచింది మాత్రం నువ్వేగా" అంటుంది మా పిన్ని. అరిచాను. కాదనలేదు. కానీ ఎందుకు అరిచానో ఎవరూ అడగరే!

సరే, ఆ గురువారం నందిగామలో నేను చేసిన ఘనకార్యం మొత్తం చెబుతాను, మీరే తీర్పు ఇవ్వండి. ముందే హెచ్చరిస్తున్నాను: ఇందులో నేను బాగా కనిపించే చోటు వెతుక్కోకండి. నేనూ వెతికాను, దొరకలేదు.

నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. కౌన్సెలర్ అంటే మనుషుల బాధ వినే మనిషి. ఆ వినేవాళ్ళు సరిగ్గా వింటున్నారా లేదా అని పక్కనుండి విని, దిద్ది, తయారుచేసేవాళ్ళను సూపర్‌వైజర్లు అంటారు. నా చదువు అదీ. అంటే వినడాన్ని వినడం. చిన్నప్పటి నుంచీ ఎదుటివాళ్ళ వాక్యం సగంలో ఉండగానే నా వాక్యం మొదలుపెట్టేదాన్ని నేను. విజయవాడలో పుట్టి పెరిగాను, లిఫ్ట్ రావడం ఆలస్యమైతే లిఫ్ట్‌ని తిడతాను. ఇంతకంటే తగిన చదువు నాకు ఇంకేం దొరుకుతుంది చెప్పండి.

శిక్షణలో భాగంగా నన్ను నందిగామలో ఒక చిన్న కౌన్సెలింగ్ సెంటర్‌కి వేశారు. పళ్ళ డాక్టరు క్లినిక్ పైన రెండు గదులు. ఆ పళ్ళ డాక్టరు ఉండబట్టే మా సెంటర్ నడిచేది. ఎందుకంటే మా దగ్గరికి ఎవరూ సొంత ఊళ్ళో రారు. జగ్గయ్యపేట వాళ్ళు నందిగామ వస్తారు, నందిగామ వాళ్ళు విజయవాడ పోతారు. ఇంట్లో మాత్రం పన్ను నొప్పని చెప్పి బయల్దేరతారు. ఆ మెట్లెక్కే జనాన్ని చూస్తే ఈ ప్రాంతంలో ఎవరికీ ఒక్క పన్నూ సరిగ్గా లేదనుకుంటారు.

నా కింద శిక్షణ పొందాల్సిన కౌన్సెలర్ సరోజినిగారు. జగ్గయ్యపేటలో చాలా ఏళ్ళు స్కూలు టీచరుగా చేసి, యాభై దగ్గర పడ్డాక కౌన్సెలింగ్ చదువుతున్నారు. నాకు ఇరవై ఏడు. ఆవిడ నన్ను "మేడం" అనేవారు. క్లాసులో బాగా అల్లరి చేసే పిల్లను టీచరు "రండి రాణీగారూ" అని పిలుస్తుంది చూడండి, అలా ఉండేది ఆ మేడం.

ఆవిడ దగ్గరికి కోటేశ్వరరావుగారు అనే ఆయన వచ్చేవారు. పేరు మార్చాను, ఆయన అనుమతి తీసుకునే రాస్తున్నాను. జగ్గయ్యపేట వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జి. మొదటి వారం ఒక్క మాటే చెప్పారు.

"డ్యూటీకి పోలేకపోతున్నానమ్మా. గేటు దాకా పోయి వెనక్కొస్తున్నా."

రెండో వారం అది కూడా లేదు. సెలవులు అయిపోవచ్చాయి. అవి అయ్యేలోగా ఆ గేటు దాటలేకపోతే ఉద్యోగం పోతుంది. మూడో వారం నేను రంగంలోకి దిగాను.

మా పద్ధతి ఏమిటంటే, కౌన్సెలర్ ఫోన్ టేబుల్ మీద ఉంటుంది, చెవిలో ఇయర్‌బడ్ ఉంటుంది. నేను పక్క గదిలో కాల్‌లో ఉండి వింటూ, అవసరమైతే ఆమె చెవిలో సలహా చెబుతాను. ఆయన్ని ముందే అడిగాం. "వినండి. నేను చెప్పేదేముందిలే" అన్నారు. వీడియో మాత్రం వద్దన్నారు. కాబట్టి నాకు వినపడుతుంది, కనపడదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకో సంగతి. ఆ నెలాఖరుకి నేను రిపోర్టు పంపాలి. అందులో "సూపర్‌వైజర్ జోక్యాలు" అని ఒక గడి. నా గడి తెల్లగా, ఖాళీగా, నన్ను వెక్కిరిస్తూ ఉంది.

సెషన్ మొదలైంది. కుర్చీ కిర్రుమంది. తర్వాత నిశ్శబ్దం. రెండు నిమిషాలు. నాలుగు నిమిషాలు. నేను ఈలోపు వాట్సాప్ మొత్తం చూసేశాను.

సరోజినిగారు నాకు పైకి జవాబు చెప్పలేరు కాబట్టి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఒకసారి దగ్గితే సరే, రెండుసార్లు దగ్గితే వద్దు.

"నిద్ర ఎలా పడుతోందో అడగండి" అన్నాను చెవిలో.

రెండు దగ్గులు.

"పోనీ ఇంట్లోవాళ్ళ గురించి?"

రెండు దగ్గులు.

"మీరేం ఆలోచిస్తున్నారు అని అడగండి! పుస్తకంలో మొదటి ప్రశ్న అదే!"

రెండు దగ్గులు, గట్టిగా.

అప్పుడు కోటేశ్వరరావుగారి గొంతు వినిపించింది, చాలా మెల్లగా. "జలుబు చేసిందా అమ్మా? మంచినీళ్ళు తాగండి."

ఆయన ఆ రోజు మాట్లాడిన మొదటి మాట అది. నా కేసులో పురోగతి, సరోజినిగారి జలుబు.

తర్వాత "టిక్" మని ఏదో మూసుకున్న చప్పుడు. మళ్ళీ నిశ్శబ్దం. ఏడు నిమిషాలు. తొమ్మిది. పదకొండు. నా ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"సరోజినిగారూ! ఎంతసేపండీ! తొందరగా! ఆయనలా బొమ్మలా కూర్చుంటే నేను రిపోర్టులో ఏం రాసుకోవాలి?"

నా గొంతు గోడ అవతల నుంచి నాకే తిరిగి వినిపించింది. స్పష్టంగా, పెద్దగా. రిపోర్టు అన్న మాట ఇంకా బాగా వినిపించింది.

కుర్చీ కిర్రుమంది. ఆయన లేచారు.

"సరేనమ్మా. మేడంగారి పని ఆగిపోతున్నట్టుంది" అన్నారు. కోపం కూడా లేదు ఆ గొంతులో. మెట్లు దిగిపోయారు.

నేను పరిగెత్తుకుని వెళ్ళేసరికి సరోజినిగారు టేబుల్ మీద ఇయర్‌బడ్ డబ్బా వైపు చూస్తూ కూర్చున్నారు.

"చెవిలోంచి ఎందుకు తీశారండీ?"

"మీరు మాట్లాడతా ఉంటే ఆయన వినపట్లేదు మేడం. డబ్బాలో పెడితే మీరు ఆగిపోతారనుకున్నా. బయటికొస్తారని నాకేం తెలుసు?"

"పదకొండు నిమిషాలు ఏం జరగకపోతే నేనేం చెయ్యాలి మరి?"

"ఏం జరగకపోవడమేంటమ్మా?" మేడం పోయింది, అమ్మ వచ్చింది. "పదకొండు నిమిషాలూ ఏడ్చాడాయన. ఇన్నాళ్ళకి మొదటిసారి."

"నాకేం వినపళ్ళేదే!"

"ఆ వయసు మగాళ్ళు ఏడిస్తే వినపడదమ్మా. చూడాల్సిందే."

అవసరమైనప్పుడు లేవదు, అక్కర్లేనప్పుడు లేస్తుంది నా నోరు.

మా పీహెచ్‌డీ గైడ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఆయన నంబర్ ఫైల్లో ఉంది మేడం, ఇప్పుడే కాల్ చేసి సారీ చెప్పేస్తా."

"ఎవరి మనశ్శాంతి కోసం?"

"ఆయనదే మేడం... అంటే..."

"నువ్వు చెయ్యొద్దు. తలుపు తెరిచే ఉందని సరోజినిగారు ఒక్క మెసేజ్ పెడతారు. వస్తే వస్తారు. నువ్వు ఆగు."

ఆగు! వారం రోజులు ఆగాను. రోజూ బస్సులో పరిటాల దాటుతుంటే రోడ్డు పక్కన విగ్రహంగా నిలబడ్డ అంత ఎత్తు హనుమంతుడికి నేనొక్కదాన్నే కనపడుతున్నట్టు తల దించుకునేదాన్ని. ఆ గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగే మనిషి గుర్తొచ్చేవాడు. ఇప్పుడు మా మెట్ల నుంచి కూడా వెనక్కి తిరిగాడు, నా పుణ్యమా అని.

గురువారం పదకొండయింది. రాలేదు. పదకొండుంబావుకి మెట్ల మీద చెప్పుల చప్పుడు. గుమ్మంలో నిలబడి సరోజినిగారిని అడిగారాయన.

"అరిచిన మేడంగారు ఉన్నారా?"

వెళ్ళాను. "తప్పయిపోయిందండీ. అలా అరవకూడదు" అన్నాను. వెనక ఇంకో మూడు వాక్యాలు సిద్ధంగా ఉన్నాయి. సరోజినిగారు నా వైపు చూశారు. మింగేశాను.

ఆయన కూర్చున్నారు. "మీరూ కూర్చోండి మేడం" అన్నారు. కూర్చున్నాను. ఫోన్ పక్క గదిలోనే వదిలేశాను. నా చేతులకి ఏం చెయ్యాలో తెలియలేదు.

చాలాసేపటికి అన్నారు.

"అరిస్తే పని తొందరగా అవుద్దా మేడం?"

నేను తల అడ్డంగా ఊపాను.

"అవ్వదు. నేనూ అరిచా. వెంకయ్య అని మా ఫిట్టర్, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. పైన పనిలో ఉన్నాడు. నేను కింద. వాకీటాకీలో అరిచా, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాడు కదా. ఎంతసేపయ్యా, తొందరగా దిగు, అన్నా."

తలెత్తి పైకప్పు వైపు చూశారు.

"దిగాడు."

కింద పళ్ళ డాక్టరు మిషను గీపెడుతోంది.

"పైనుంచి పడినా బతికాడు. నడుము పడిపోయింది. చందర్లపాడులో వాళ్ళమ్మాయి ఇంట్లో మంచంలో ఉన్నాడు. నేనింతవరకూ పోలా. పోయి ఏమనాలి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర ఆరు సమాధానాలున్నాయి, పరిశోధనా పత్రాలతో సహా. నోరు తెరిచాను కూడా. సరోజినిగారి చెయ్యి నా మోకాలి మీద పడింది. తేలిగ్గానే. స్కూల్లో ఎంతమందిని కూర్చోబెట్టిన చెయ్యో అది. నోరు మూశాను. ఆ మిగతా నలభై నిమిషాలూ తెరవలేదు. ఆయన ఏడ్చారు. సరోజినిగారు చెప్పింది నిజం, నిజంగానే ఏం వినపడలేదు.

వెళ్తూ వెళ్తూ ఆయన గుమ్మం దగ్గర ఆవిడతో అన్న మాట మాత్రం వినపడింది. "ఈ పాప మీద కూడా ఓ కన్నేసి ఉంచండమ్మా. మంచిదే, తొందరెక్కువ."

తర్వాతి వారం రాలేదు. చందర్లపాడు పోయి వచ్చానని సరోజినిగారికి ఫోన్ చేశారు. అక్కడ ఏమన్నారని ఆవిడ అడగలేదు. నేనైతే అడిగేదాన్ని. ఆ పై వారం, గేటు దాటి లోపల సెక్యూరిటీ దగ్గర కూర్చుని టీ తాగి వచ్చానన్నారు. డ్యూటీలో చేరారా అని మీరు అడుగుతారు, తెలుసు. నేనూ అడగబోయాను. అప్పుడు కూడా ఆ చెయ్యి పడింది.

నెలాఖరుకి నా రిపోర్టుతో పాటు, నా మీద సరోజినిగారి అభిప్రాయం కూడా పంపాలి. అందులో ఒక ప్రశ్న ఉంటుంది: మీ సూపర్‌వైజర్ చేసిన వాటిలో మీకు అన్నిటికంటే ఉపయోగపడినదేమిటి? ముత్యాల్లాంటి అక్షరాలతో ఆవిడ రాసింది ఇదీ:

"నాలుగో సెషన్‌లో నలభై నిమిషాలు ఏమీ అనలేదు."

మా గైడ్ దాని పక్కన "అద్భుతం" అని రాసి సంతకం పెట్టారు. నా చదువు మొత్తంలో నాకొచ్చిన మొదటి అద్భుతం అది, నేను చెయ్యని పనికి.

కాబట్టి ఇందుమూలంగా నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఎదుటి మనిషి మాట కోసం వెతుక్కుంటున్నప్పుడు నా మాట అప్పివ్వను, ఎవరి చెవిలోనూ, ఏ యంత్రం గుండా కూడా తొందరపెట్టను. లిఫ్ట్ విషయంలో మాత్రం హామీ ఇవ్వలేను.

ఇదంతా విని మా పిన్ని, "నోరు మూసుకోడానికి డాక్టరేట్ ఎందుకే?" అంది. మీరూ అదే అనుకుంటున్నారు కదా? సరే, ఓ పని చెయ్యండి. మీకు కావలసిన మనిషి ఒకరు మీ ఎదురుగా కూర్చుని ఏడుస్తుంటే, ఊరుకో అనకుండా, సలహా ఇవ్వకుండా, ఫోన్ చూడకుండా ఐదంటే ఐదు నిమిషాలు కూర్చుని రండి. వచ్చాక, దీనికి చదువు అక్కర్లేదని నా మొహం మీద అనగలరా?