ఎడమవైపు హ్రుష్కా, కుడివైపు కర్ట్

సెల్మర్ బ్రాటెన్ విస్కాన్సిన్ పల్లెల్లో ముప్ఫై నాలుగేళ్లు ఉత్తరాలు పంచాడు. ఆ ఉద్యోగం అతనికి రెండు మిగిల్చింది: ఒకటి నడుంనొప్పి, రెండు ఎవరి వంటింటి తలుపు మీద ఏ తుపాకీ వేలాడుతోందో చెప్పగల జ్ఞానం. మొదటిదానికి మందు రాసుకుంటాడు. రెండోదానికి మందు లేదని భార్య ఏనాడో తేల్చేసింది.

అతను పోగుచేసేవి మామూలు తుపాకీలు కావు. యుద్ధాలయ్యాక సర్కారు చవగ్గా అమ్మేసిన సైన్యపు తుపాకీలను రైతులు కొనుక్కుని, అడవిలో మోయడానికి బరువని గొట్టం కోసి, కొయ్య చెక్కి, జింకల వేటకు అనువుగా మార్చుకున్నారు. సెల్మర్‌కు కావలసినవి అవి. సైన్యపు తుపాకీలను చెక్కు చెదరకుండా దాచే పెద్దమనుషులు వీటిని చూస్తే శవయాత్ర ఎదురైనట్టు మొహం పెడతారు. "అయ్యో, పాడుచేశారే!" అంటారు. ఆ మాట వినీ వినీ సెల్మర్ చెవులు తూట్లు పడ్డాయి.

"పాడవలేదయ్యా, ఉద్యోగం మారింది. సైన్యంలో నాలుగేళ్లుంది. రైతు ఓలే ఇంట్లో అరవై ఏళ్లుండి పిల్లలకింత మాంసం పెట్టింది. ఏది దీని చరిత్ర?" అని ఎదురు తిరిగేవాడు. అతని మతానికి సూత్రం ఒక్కటే: తుపాకీ గలవాడు చేసిన మార్పును మరొకడు దిద్దరాదు. వంకర రంపం గాటైనా సరే, అది చరిత్రే.

ఆ మతానికి దేవుడు కూడా ఉన్నాడు. పేరు ఎమిల్ హ్రుష్కా. వందేళ్ల కిందట ఆ ఊళ్లో బూట్లు కుట్టేవాడు. మంచు పడి గిరాకీ పడిపోయిన నెలల్లో తుపాకీల గొట్టాలు కోసి, కొయ్యలు చెక్కేవాడు. ఎక్కడా పేరు వేసుకోలేదు. అయినా సెల్మర్ ఇట్టే పోల్చేస్తాడు. భుజానికి ఆనే చివర ఇనుప రేకు ఉండదు, బూట్ల అడుగున వేసే తోలు పొరలు పొరలుగా అతికించి ఉంటుంది. కొయ్యకు పట్టించింది బూటు దారానికి రాసే నల్ల మైనం. ఇప్పటికి పదకొండు తేలాయి. పన్నెండోది, అన్నిటికన్నా పాతది, మార్లిస్ ఇంట్లో ఉంది. అది నార్వేవాళ్ల నమూనాతో చేసిన క్రాగ్ తుపాకీ. ఆ ఇంటికి ఉత్తరం తెచ్చినప్పుడల్లా సెల్మర్ దానికి దణ్ణం పెట్టడమొక్కటే తక్కువ.

మార్లిస్, సెల్మర్ ఒకే బళ్లో చదువుకున్నారు. ఆమె భర్త ఆ ఏడు వేసవిలో పోయాడు. అక్టోబరులో ఒక శనివారం ఆమె ఫోన్ చేసింది.

"సెల్మర్, మా అల్లుడు కర్ట్ మామగారి తుపాకీ బాగుచేస్తున్నాడోయ్. వచ్చి కాఫీ తాగి వెళ్లు."

ఆ 'బాగు' చెవిన పడగానే సెల్మర్‌కు ముచ్చెమటలు పోశాయి. బండి తీసి ఎనిమిది నిమిషాల్లో వాలాడు.

అయితే ఆ ఊళ్లో గడప దాటగానే పనిలోకి దిగడం అమర్యాద. ముందు కాఫీ వద్దనాలి. మళ్లీ వద్దనాలి. మూడోసారి "సరే, అరకప్పు" అనాలి. తర్వాత గుమ్మడి కేకు, వానలు, ఎవరికి మోకాలి ఆపరేషన్ అయిందన్నది. ఈ క్రతువు సాగుతున్నంతసేపూ గోడ అవతల గరాజులోంచి గరగరమని చప్పుడు వస్తూనే ఉంది. సెల్మర్ కేకు నముల్తూ నవ్వుతూ లోలోపల ఉడికిపోయాడు.

అరగంట గడిచాక గరాజులోకి అడుగుపెట్టాడు. జున్ను కర్మాగారంలో పనిచేసే కర్ట్, మొహమంతా కొయ్య దుమ్ముతో, పిండిమర మనిషిలా నిలబడి ఉన్నాడు. గోడకు కొత్తగా వచ్చిన పొడవాటి సైన్యపు కొయ్య ఆనించి ఉంది.

"పాత రూపం తెప్పిద్దామని అది తెప్పించానండీ. తీరా బిగిస్తే గొట్టం కన్నా కొయ్యే జానెడు ముందుకొచ్చింది. ఎవడో కోసిపారేశాడు, వెధవ. అందుకని పాత కొయ్యనే నున్నగా చేస్తున్నా," అన్నాడు కర్ట్.

దేవుణ్ణి వెధవ అన్నా సెల్మర్ ఓర్చుకున్నాడు. కానీ కర్ట్ కొయ్యను తిప్పి, ఎడమవైపున ఉప్పుకాగితం ఆనించాడు. కుడివైపు అప్పటికే కొత్త బల్లలా తెల్లగా మెరుస్తోంది.

"ఆపు!" అని అరిచాడు సెల్మర్.

ఆ ఊరి చర్చి తగలబడిన రోజున కూడా ఎవరూ అంత గట్టిగా అరవలేదు. మార్లిస్ పరుగెత్తుకొచ్చింది. సెల్మర్ గుక్క తిప్పుకోకుండా హ్రుష్కా గురించి, తోలు గురించి, మైనం గురించి ఉపన్యసించాడు.

"చప్పుడు వినబడుతూనే ఉందిగా, ముందే చెప్పొచ్చుగా?" అంది మార్లిస్.

"కాఫీ అవలేదుగా!"

"నన్ను క్షమించండి," అన్నాడు కర్ట్, కాగితం దాచుకుంటూ. "మామయ్యది కదా, నిగనిగలాడాలనుకున్నా."

"నువ్వెందుకురా క్షమాపణ చెప్పడం?" అని అల్లుడి ముందుకొచ్చి నిలబడింది మార్లిస్. "ఏం సెల్మర్, రంపంతో కోసినవాడు నీకు దేవుడు, ఉప్పుకాగితంతో రుద్దినవాడు పాపాత్ముడా? ఈ తుపాకీ ఎవరిది?"

"మీ ఆయనది."

"ఆయన పోతూ పోతూ కర్ట్‌కిచ్చాడు. మరి తుపాకీ గలవాడు చేసిన మార్పును ఏం చేయాలో, మా ఆయనకు మా వంటింట్లోనే వందసార్లు చెప్పావు. చెప్పు, మళ్లీ వింటాను."

"హ్రుష్కాది చెయ్యి తిరిగిన పని," అని గొణిగాడు సెల్మర్.

"ఓలేది? కత్తిపీటతో చెక్కినట్టుందని నువ్వే మురిసిపోయావుగా."

తన మతం తన మెడకే చుట్టుకున్న మనిషి ఎలా ఉంటాడో ఆ గరాజులో ఇద్దరు చూశారు.

"అయితే రెండోవైపు కూడా రుద్దేయనా? రెండూ సమానంగా ఉంటాయి," అని అడిగాడు కర్ట్, ఎంతో మర్యాదగా.

"చెయ్యి తియ్యి!"

"రుద్దకు," అని తీర్పు చెప్పింది మార్లిస్. "మీ మామ బుగ్గ ఆనించింది ఎడమవైపే. అది అలాగే ఉండనీ."

వచ్చే నెల వేట. బోసికొయ్య తడి పీల్చి పగులుతుంది. కాబట్టి సెల్మర్ పళ్లు బిగించి, కర్ట్‌కు అవిసె నూనె పట్టించడం నేర్పాడు: మూడు చుక్కలు, ఒట్టి అరచేయి, కొయ్య వేడెక్కేదాకా. తర్వాత తుపాకీ చరిత్ర రాసిపెట్టడానికి ఒక కాగితం తీసి, ఎడమవైపు హ్రుష్కా, కుడివైపు కర్ట్ అని రాసి, తేదీ వేశాడు. కలం రెండుసార్లు మొరాయించింది.

కర్ట్ ఒక గంటసేపు వంచిన తల ఎత్తకుండా నూనె రుద్దాడు. సెల్మర్ కళ్లద్దాలు తుడుచుకుని, దీపం కింద కొయ్యను అటూ ఇటూ తిప్పి, లోపం కోసం వెతికాడు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. ఆ రోజు అతనికి అన్నిటికన్నా ఒళ్లు మండించింది అదే.