అన్ని మాయెలూ ఒక్కటే

ఆ రోజుల్లో మాబోటి వాళ్ల బుర్రలు రెండు భాషల మధ్య నలిగిపోయేవి. సైన్సంతా ఉర్దూలో చదివి నేను సుల్తానాబాద్ హైస్కూల్లో తాత్కాలికంగా చేరేసరికి కోస్తాతో కలిసి రాష్ట్రం మారింది, పాఠం తెలుగులో చెప్పమన్నారు. ఉర్దూలో ద్రవాన్ని 'మాయె' అంటారు. నా నోటికి ద్రవం రాదు, మాయె పోదు. (ఒకసారి ద్రవం అనబోయి ద్రవ్యం అన్నాను. పిల్లలు సంతోషించారు.)

అంతలో కోస్తా నుంచి కొత్త ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తున్నారని కబురు. "జర పైలం సారూ, ఆయినకు నచ్చితెనే మీ నౌకరి పక్కా అయితది, లేకుంటె ఇంటికే," అన్నారు హెడ్మాస్టరు. "ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాను గాని, మగ్గం మీద వంగి నన్ను చదివించిన బాపు గుర్తొచ్చాడు. పైగా గొప్పకు పోయి, నాకే సరిగ్గా అర్థంకాని పాఠం ఎంచుకున్నాను. పాదరసం, కరిగిన వెండి, చల్లబరిచి ద్రవం చేసిన వాయువులు, ఇవన్నీ లోపల ఒకే తీరుగా ఎందుకుంటాయి?

ఆ రోజు ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చోగానే భయంతో గడగడా మొదలుపెట్టాను. "ధర్మపురి జాతరల మందిని చూసిన్రు గద! భైంసాయిన గానీ, మనూరాయిన గానీ, గా ఇరుకుల అందరి నడక ఒక్కటే. పక్కోడు జరిగితెనే మనం జరుగుతం. ఎవరన్నది కాదు, ఎంత ఇరుకన్నదే లెక్క. లోపలి గుండ్రటి కణాలదీ గంతే. పైకి వేరుగ కనవడ్డా అన్ని మాయెలు లోపల ఒక్కటే!"

"నీళ్లు సుత గంతేనా సార్?" అని అడిగిందొక పిల్ల.

"నీళ్లది వేరే కథ. అవి చేతులు పట్టుకొని నడుస్తయి," అని తప్పించుకున్నాను.

ఇన్‌స్పెక్టరు కళ్లు మూసుకున్నారు. (నిద్రపోయారనుకుని నా పై ప్రాణాలు పైనే పోయాయి.) "ఆహా! అన్ని మాయలూ ఒక్కటే! మరి మాస్టారూ, ఈ మాయలోంచి విడుదల ఎలాగండీ?" అన్నారు. ఆవిరి గురించి అడుగుతున్నారనుకున్నాను. "వేడి చెయ్యాలె సార్. బాగ కాగితె ఒక్కొక్కటి మందిని ఇడిచిపెట్టి పైకి పోతది."

"తపస్సు!" అంటూ ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. సైన్సు పాఠానికి ఏడ్చేవాళ్లుంటారా? ఇంకేదో చెప్పబోతే హెడ్మాస్టరు నోరు మూసుకోమని సైగ చేశారు.

నౌకరి పక్కా అయింది. "సైన్సులో వేదాంతం చూపించారండీ," అని ఇన్‌స్పెక్టరు చేతులు పట్టుకున్నప్పుడు గాని సంగతి బోధపడలేదు. సంతోషమూ, చచ్చేంత సిగ్గూ ఒకేసారి వచ్చాయి. ఆ మెప్పు నా పాఠానికా, నా ఉర్దూకా అన్నది ఇప్పటికీ తేలలేదు. పోనుపోను ద్రవం అనే మాట నోటికి పట్టింది, పాఠం కూడా కొంత అర్థమైంది, రిటైరయ్యేదాకా తప్పు లేకుండా చెప్పాను. కాని మళ్లీ ఎవరూ నా పాఠం విని కళ్లు తుడుచుకోలేదు.